కాక్లియర్ ఇంప్లాంట్లపై నిరసన తెలపదలచినవారికి

కాక్లియర్ ఇంప్లాంటు అంటే వినికిడి లేనివారికి శబ్దం అందేలా ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే పరికరం; శబ్దాన్ని పట్టి దానికి పంపే ప్రాసెసర్‌ను చెవి వెనుక పెట్టుకుంటారు. అది బధిర పిల్లలను సంజ్ఞా భాషకు దూరం చేస్తుందని మీరు నిరసన తెలపదలిస్తే, మీరు మార్చదలచినది ఎవరి మనసో ముందుగా తేల్చుకోండి. ఆసుపత్రి గేటు ముందు ప్లకార్డులు పట్టుకుని నిలబడితే, బిడ్డను చంకనెత్తుకుని లోపలికి వెళ్లే తల్లి, లోపల ఆపరేషన్ చేసే వైద్యుడు, దానికి డబ్బు చెల్లించే ప్రభుత్వం ముగ్గురూ ఒకే నినాదానికి మెత్తబడరు. వారి భయాలు వేరు, అధికారాలు వేరు.

ఈ విషయంలో అమెరికా అనుభవం చూడదగ్గది. 1990లో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ రెండేళ్లు నిండిన పిల్లలకు ఇంప్లాంటును అనుమతించగా, జాతీయ బధిరుల సంఘం మరుసటి ఏడాదే ఆ నిర్ణయాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఆపరేషన్లు మాత్రం ఆగలేదు. 2000లో అదే సంఘం తన వైఖరిని సవరించుకుని, ఇంప్లాంటును ఉన్న మార్గాల్లో ఒకటిగా ఒప్పుకుంటూనే, సంజ్ఞా భాష విలువను గట్టిగా చెప్పింది. పదేళ్లలో ఎక్కువగా మారింది నిరసించినవారి మాటేనన్నమాట. దీన్ని నేను ఓటమి అనను, కానీ ఇంప్లాంటే వద్దన్న నినాదం తల్లిదండ్రులను కదిలించలేదన్నది మాత్రం ఒప్పుకోక తప్పదు.

దీనికి పక్కన 1988 మార్చి నాటి గాలాడెట్ విశ్వవిద్యాలయ ఉద్యమాన్ని పెట్టి చూడండి. తుది జాబితాలోని ముగ్గురిలో ఇద్దరు బధిరులే అయినా, వాషింగ్టన్‌లోని ఆ బధిరుల విశ్వవిద్యాలయానికి పాలకమండలి వినికిడి ఉన్న వ్యక్తిని అధ్యక్షురాలిగా ఎంపిక చేసింది. విద్యార్థులు తరగతులు మూయించి నాలుగే నాలుగు కోరికలు ముందుంచారు. వారం తిరిగేసరికి ఐ. కింగ్ జోర్డాన్ తొలి బధిర అధ్యక్షుడయ్యారు. ఆ కోరికలు తీర్చగల పాలకమండలి వారి ఎదుటే ఉంది, ఏం చేస్తే నిరసన ఆగుతుందో దానికి స్పష్టంగా తెలుసు.

కాబట్టి మీ కోరికను కూడా ఎవరో ఒకరు తీర్చగలిగేలా రాసుకోండి. ఆపరేషన్‌కు ముందు ప్రతి కుటుంబానికీ ఒక బధిర కుటుంబాన్ని కలిసే అవకాశం కల్పించాలని ఆసుపత్రిని అడగవచ్చు. ఆరోగ్యశ్రీ వంటి ఉచిత వైద్య పథకాల కింద చిన్నపిల్లలకు ఈ శస్త్రచికిత్స చేయిస్తున్న మన తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను, ఆ పిల్లలకు స్పీచ్ థెరపీతో పాటు సంజ్ఞా భాషను కూడా నేర్పించాలని అడగవచ్చు. సంజ్ఞా భాష వచ్చిన ఉపాధ్యాయులను నియమించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోనే ఉంది గనుక, అర్జీలో ఆ చట్టాన్ని ప్రస్తావించండి.

కరపత్రంలో అతిశయోక్తి ఒక్కటి దొర్లినా మిగిలిన నిజాలన్నీ దానితో పాటే కొట్టుకుపోతాయి. ఆపరేషన్ జరిగిన కొన్ని వారాలకు ప్రాసెసర్ ఆన్ చేశాకే శబ్దం మొదలవుతుందనీ, ఆ శబ్దాన్ని మాటగా పోల్చుకోవడానికి ఏళ్ల తరబడి శిక్షణ కావాలనీ, ఫలితం బిడ్డ బిడ్డకూ మారుతుందనీ, మిగిలి ఉన్న సహజమైన వినికిడి కూడా పోవచ్చనీ రాయండి. అన్నిటికన్నా ముందు స్నానాల గదిని చూపించండి. ఒంటికి సబ్బు రాయబోతూ తల్లి బిడ్డ చెవి వెనుక నుంచి ప్రాసెసర్ తీసి గూట్లో పెడుతుంది. ఆ క్షణం నుంచి బిడ్డకు దాదాపు ఏమీ వినబడదు. నీళ్లు వేడిగా ఉన్నాయా అని ఆమె దేనితో అడగాలి? రాత్రి నిద్రలోనూ, బ్యాటరీ అయిపోయినప్పుడూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. సంజ్ఞా భాష ఎందుకో వివరించడానికి ఇంతకన్నా పెద్ద వాదన అక్కర్లేదని నా అభిప్రాయం.

మైకు ముందు బధిరులే నిలబడాలి, వారి సంజ్ఞలను మాటల్లోకి మార్చే దుబాసీ పక్కన ఉండాలి. ఇంప్లాంటు పెట్టించుకుని సంజ్ఞా భాష కూడా వాడేవారు ఎవరైనా వస్తామంటే తప్పక పిలవండి. తల్లిదండ్రులను క్రూరులనే ప్లకార్డు కనిపిస్తే మర్యాదగా దింపించండి, ఎందుకంటే ఆ గేటులోంచి వచ్చే పిల్లల తలకు అప్పటికే ప్రాసెసర్ ఉండవచ్చు, వారిలో చదవడం వచ్చినవారూ ఉంటారు.

ఎవరైనా తల్లి ఆగి పలకరిస్తే ఆపరేషన్ గురించి వాదనకు దిగకండి. బిడ్డ పేరు అడిగి, అమ్మ, పాలు, నీళ్లు, నొప్పి అనే నాలుగు మాటలకు సంజ్ఞలు అక్కడికక్కడే చూపించి, మీ సంఘంలో ఆదివారం తరగతి ఎన్ని గంటలకో రాసిన చీటీ చేతికివ్వండి.