పార్కు తాళంచెవి, వేళల బోర్డు: చిన్న పట్టణంలో ఆటస్థలం నడిపే పద్ధతి

ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేశాను. రిటైరయ్యాక ఏడేళ్ళుగా మా ఊళ్ళో రెండు పార్కులు, ఒక ఆటస్థలం చూసుకునే కమిటీలో ఉన్నాను. మాది కృష్ణా పశ్చిమ డెల్టాలో కాలువ పక్కనున్న చిన్న మున్సిపాలిటీ. పక్క ఊళ్ళవాళ్ళు వచ్చి "మా దగ్గరా ఇలా చెయ్యాలి మాస్టారూ, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటారు?" అని అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పేదే రాస్తున్నాను. ఆటస్థలాన్ని గజాల లెక్కన పంచలేం, గంటల లెక్కన పంచాలి. ఎకరం ఉన్నా సరే, గంటలు పంచకపోతే గట్టిగా అరిచేవాళ్ళదే అవుతుంది.

ముందు స్థలం ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. అనుమతి తీసుకుని వేసే లేఅవుట్లలో 10 శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి రాసివ్వాలి. ప్లానులో అది ఆకుపచ్చ రంగులో చక్కగా కనిపిస్తుంది. నేల మీద చూస్తే గేదెలు కట్టేసి ఉంటాయి, లేదా ఎవరి ఇంటి కంకరో పోసి ఉంటుంది. టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో లేఅవుట్ ప్లాను, గిఫ్టు డీడు నకళ్ళు తీసుకుని, సర్వేయరుతో కొలిపించి, నాలుగు మూలలా హద్దురాళ్ళు పాతించండి. రాయి పడ్డాకే మొక్క. ఒకచోట మేం ఈ పని చేయకుండా తొందరపడ్డాం. పక్క ప్లాటాయన మూడు గజాలు తనవని కాగితాలు చూపించాడు. కంచె పీకి మళ్ళీ వేశాం, ఎదిగిన మొక్కలు ఇరవై పోయాయి. ఇప్పటికీ ఆ వైపు వెళ్తే బాధగానే ఉంటుంది.

"పార్కులు మా పని కాదండీ" అని ఎవరైనా అంటే గొడవపడకండి. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూల్లో, మున్సిపాలిటీల పనుల జాబితాలో 12వ అంశం చూపించండి. పార్కులు, తోటలు, ఆటస్థలాలు అని పేరుపెట్టి మరీ రాసి ఉంది. మీ అర్జీలో మొదటి వాక్యంగా అదే పెట్టండి.

ఇక అసలు పని. ఏదీ కట్టకముందు, ఏదీ కొనకముందు, ఒక నోటుబుక్కు పట్టుకుని ఏడు రోజులు గేటు దగ్గర కూర్చోండి. ఏ గంటకి ఎవరొచ్చారు, ఎంతమంది, ఏం చేశారు, ఎప్పుడు వెళ్ళిపోయారు, అంతే రాయండి. మా లెక్కలో సాయంత్రం అయిదు నుంచి ఆరు మధ్య అరవై మూడు మంది మగపిల్లలు, ఇద్దరు ఆడపిల్లలు. ఆ ఇద్దరూ కూడా చంకలో తమ్ముళ్ళని పెట్టుకుని గోడ పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళే. అప్పటిదాకా నేను మా గ్రౌండు పిల్లలతో కళకళలాడుతోందని సంతోషపడుతున్నాను. ఊళ్ళో సగంమంది పిల్లలు అందులో లేరని ఆ పుస్తకం చూస్తే గానీ నాకు తెలియలేదు.

వీధుల్లోకి వెళ్ళి తల్లులనే అడిగాను. ఒకావిడ గిన్నెలు తోముతూ తలెత్తకుండానే చెప్పింది: "పంపమంటే పంపుతాం మాస్టారూ. చీకటిపడేలోపు ఇంటికి రావాలి. అక్కడ బాత్రూం ఉందా? ఎవరైనా పెద్దావిడ ఉంటుందా?" ఆ మూడు ప్రశ్నలకి జవాబు చెప్పగలిగాకే ఆడపిల్లల ఆటల సంగతి ఎత్తండి. మాకు మూడు నెలలు పట్టింది. మూతపడి ఉన్న మరుగుదొడ్డి బాగుచేయించి లోపలి గడియ, నీళ్ళు, బల్బు పెట్టించాం. ఎదురింటి పిన్నిగారు రోజూ ఆ వేళకి వచ్చి బెంచీ మీద కూర్చుంటానన్నారు. సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదుముప్పావు దాకా గ్రౌండు మొత్తం ఆడపిల్లలదని బోర్డు మీద రాయించాం.

మగపిల్లలు అలిగారు. "మేం ఎక్కడికి పోవాలి మాస్టారూ?" అన్నారు, న్యాయమే. అయిదుముప్పావు నుంచి దీపాలార్పేదాకా వాళ్ళకే ఇచ్చాం, ఆదివారం ఉదయమంతా కూడా. ఒకరి గంట తీసుకున్నప్పుడు వాళ్ళకి ఇంకో గంట చూపించి తీరాలి, లేకపోతే ఆ బోర్డు నెల తిరక్కుండా విరుగుతుంది. మొదటి వారం నలుగురు అమ్మాయిలు వచ్చారు. రెండో నెలకి ఖోఖోకి రెండు జట్లు నిలబడ్డాయి.

ఖోఖోతోనే మొదలుపెట్టమని చెబుతాను. రెండు కర్ర స్తంభాలు, 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు నేల ఉంటే చాలు. జట్టుకి తొమ్మిదిమంది దిగుతారు కాబట్టి ఒక్క ఆటలో పద్ధెనిమిదిమంది ఆడతారు. ఆడవాళ్ళ కబడ్డీకి 12 మీటర్లు, 8 మీటర్లు సరిపోతుంది. వాలీబాల్‌కి 18, 9. మా జిల్లాల్లో పెద్దవాళ్ళకి బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. 24 మీటర్లకి 12 మీటర్ల కోర్టులో అయిదుగురు చొప్పున ఆడతారు, పసుపుపచ్చ ఉన్ని బంతి, కొంచెం గాలి వీచినా ఆట ఆగదు. ఆ ఆట తెలిసినవాళ్ళు ఊళ్ళో ఉన్నప్పుడే పిల్లలకి నేర్పించండి. గీతలకి ముగ్గుపిండి వాడండి. సున్నం కళ్ళలో పడితే ప్రమాదం. క్రికెట్టుకి టెన్నిస్ బంతి తప్ప గట్టి బంతి రానివ్వకండి. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను.

తాళంచెవి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ కాదు. వాచ్‌మన్ దగ్గర ఒకటే ఉంటే ఆయనకి జ్వరమొచ్చిన రోజు పార్కు మూతే. మూడు చెవులు చేయించండి: వాచ్‌మన్‌కి ఒకటి, ఎదురింట్లో ఒకటి, మున్సిపల్ ఆఫీసులో ఒకటి. తెల్లవారి అయిదుకి నడిచేవాళ్ళు గేటు దగ్గర నిలబడాల్సి రాకూడదు.

డబ్బు గురించి. కట్టడానికి డబ్బు దొరుకుతుంది, తడపడానికి దొరకదు. ఎంపీ నిధులు శాశ్వతమైన కట్టడాలకే గానీ జీతాలకీ, కరెంటు బిల్లుకీ రావు. దాతలూ పేరు చెక్కించుకునే వీలున్నదే ఇస్తారు. తప్పు పట్టను, మనిషన్నాక ఉంటుంది. మొదటి ఏడాది ఒక దాత ఇస్తామంటే ఫౌంటెన్ పెట్టించాం. నాలుగు నెలలకి పంపు పోయింది, బాగుచేసేవాళ్ళు లేరు, నీళ్ళు నిలిచి దోమల గుంటైంది. చివరికి మట్టి నింపి నిమ్మగడ్డి వేశాం. అప్పట్నుంచి మా నియమం: ఏ వస్తువు ఇస్తామన్నా, దానికి నెలకి ఎంత ఖర్చు, అది ఎవరు పెడతారు అన్నది రాసుకున్నాకే ఒప్పుకుంటాం. మున్సిపాలిటీ ఇచ్చేది ఏప్రిల్ బడ్జెట్లో పడాలంటే డిసెంబరులోనే లెక్కలు పట్టుకెళ్ళాలి. నీళ్ళ మోటారు, బల్బులు, మరుగుదొడ్డి శుభ్రం, ఈ మూడూ విడివిడిగా అడగండి. "పార్కు నిర్వహణ" అని గంపగుత్తగా రాస్తే ముందు కోత పడేది దానికే.

జారుడుబల్ల ఇనుపదైతే నీడలో పెట్టించండి. ఏప్రిల్లో సాయంత్రం నాలుగింటికి కూడా దానిమీద చెయ్యి పెట్టలేం. ఉయ్యాల గొలుసు పైకొక్కేలు అరిగిపోతాయి, కింద నుంచి కనిపించవు. నెలకోసారి నిచ్చెన వేసుకుని చూడాలి. మా దగ్గర ఒక బాబు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాక గానీ మేం నిచ్చెన ఎక్కలేదు. ఉయ్యాల కింద అడుగు లోతున ఇసుక పోసి, వారానికోసారి తిరగెయ్యండి. శుక్రవారం డ్రై డే, అంటే దోమలు పెరక్కుండా నిలవనీళ్ళు పారబోసే రోజు; ఆనాడు కుండీల కింది పళ్ళేలూ, పాత టైర్లూ ఒంపేయించండి. గేటు దగ్గర ర్యాంపుకి కొలత తేలిక: అంగుళం ఎత్తుకి అడుగు పొడవు. బండ్లు రాకుండా అడ్డంగా గొట్టాలు పాతేటప్పుడు చక్రాల కుర్చీ పట్టేంత సందు వదలండి. సిమెంటు బెంచీలు పోసేటప్పుడు, తడి ఆరకముందే మేస్త్రీ చేత పులిజూదం, అష్టాచెమ్మా గళ్ళు గీయించండి. మూడు పులులూ పదిహేను మేకలూ చింతపిక్కలూ గులకరాళ్ళే. ఖర్చు లేదు, పెద్దవాళ్ళకి మధ్యాహ్నాలు గడిచిపోతాయి.

చెట్ల విషయంలో త్వరగా పెరుగుతుందన్న ఒక్క కారణంతో ఏదీ నాటకండి. 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో ఏడాకులపాల చెట్లు విరివిగా నాటితే, అవి పూతకొచ్చాక ఆ ఘాటుకి జనం ఇబ్బందిపడ్డారు. కోనోకార్పస్ కూడా వద్దు. వేప, కానుగ, నేరేడు, పొగడ నాటండి. ఒక ఉసిరి చెట్టు తప్పకుండా ఉండాలి, కార్తీకంలో వనభోజనాలకి ఊరంతా వస్తుంది. ఆ రోజులు ముందే పుస్తకంలో రాసుకుని వీధికో రోజు ఇవ్వండి, విస్తరాకులే తెచ్చుకోమనండి. ప్లాస్టిక్ పళ్ళేలు, గ్లాసులు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధమే.

వేసవి శిబిరం మేలో ఇరవై ఒక్క రోజులు, ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా మాత్రమే పెట్టండి. మా వైపు వడగాలులకి సాయంత్రం ఆటలు ఆడించడం మంచిది కాదు. చేర్చుకునేటప్పుడు పేరు, వయసు, ఇంటి ఫోను నంబరుతోపాటు ఉబ్బసం, మూర్ఛ ఉన్నాయా అని అడిగి రాసుకోండి. ఇరవైమంది పిల్లలకి ఒక నేర్పేవాడు. పాత విద్యార్థులు వస్తారు, అడగాలి అంతే. ఓఆర్ఎస్ పొట్లాలు అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా తలగొట్టి కొలిచి కలపాలి. ఆట అయ్యాక తలో గ్లాసు రాగిజావ. దానికి మాత్రం దాతలు క్యూ కడతారు, రోజుకొకరి పేరు బోర్డు మీద రాస్తాం.

వేళల బోర్డు ఏడాదికి రెండుసార్లు మార్చాలి. కార్తీకం నాటికి అయిదున్నరకే వెలుగు తగ్గిపోతుంది. అప్పుడు ఆడపిల్లల గంట నాలుగూపదికే మొదలవ్వాలి, బడి వదిలీ వదలగానే. మొదటి ఏడాది మేం మార్చలేదు. నవంబరులో జట్టు పద్ధెనిమిది నుంచి ఏడుకి పడిపోయింది. కారణం తెలియక వారం రోజులు తలపట్టుకున్నాం. పిన్నిగారే చెప్పారు: "చీకటి పడుతోంది గదా మాస్టారూ." ఆ రాత్రే నల్లరంగు తెచ్చి బోర్డు దిద్దాను.