అమెరికాలో వాస్కులర్ సర్జరీ రెసిడెన్సీకి సిద్ధపడే విధానం

అమెరికాలో రక్తనాళాల శస్త్రచికిత్స (వాస్కులర్ సర్జరీ) నేర్చుకోవడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి: వైద్యవిద్య ముగియగానే చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ రెసిడెన్సీ (ఆసుపత్రిలో పనిచేస్తూ నేరుగా ఈ విభాగంలోనే పొందే శిక్షణ) ఒకటి, ఐదేళ్ల జనరల్ సర్జరీ తరువాత చేసే రెండేళ్ల ఫెలోషిప్ (ప్రత్యేక విభాగంలో అదనపు శిక్షణ) మరొకటి. మొదటిదానిలో సీట్లు తక్కువ, పోటీ తీవ్రం. కనుక భారత్‌లో ఎంబీబీఎస్ చదివినవారు జనరల్ సర్జరీకి కూడా తప్పక దరఖాస్తు చేసుకోవాలి.

2022 జనవరి నుంచి యూఎస్ఎంఎల్ఈ (అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష) మొదటి దశ అయిన స్టెప్ 1లో పాస్, ఫెయిల్ మాత్రమే చూపుతున్నందున రోగుల చికిత్సకు సంబంధించిన జ్ఞానాన్ని పరీక్షించే స్టెప్ 2 సీకే స్కోరుకు ప్రాధాన్యం పెరిగింది. నా దృష్టిలో అంతకన్నా విలువైనది వాస్కులర్ సర్జన్ ఇచ్చే సిఫారసు లేఖ. కాలి బైపాస్ (మూసుకుపోయిన రక్తనాళాన్ని దాటి రక్తానికి కొత్త దారి వేసే శస్త్రచికిత్స) జరిగిన మరునాడు తెల్లవారుజామునే రోగి పాదంపై డాప్లర్ పరికరం ఉంచి రక్తప్రవాహపు శబ్దాన్ని శ్రద్ధగా వినే విద్యార్థిని స్వయంగా చూసిన వైద్యుడి మాటను ఎంపిక చేసేవారు నమ్ముతారు. దరఖాస్తుల సమర్పణ సెప్టెంబరులో మొదలవుతుంది కాబట్టి ఆ లేఖను వేసవిలోనే అడగండి.