పన్నెండు నెలల పింగాణీ ఏంజెల్స్: పాత సెట్టు కూర్చుకోవడం ఎలా

మా అమ్మాయి పుట్టింది సెప్టెంబరులో. తను బడిలో చేరిన ఏడాది అమెరికాలోని ఒహాయోలో ఒక ఎస్టేట్ సేల్‌కి (ఒక ఇంట్లోని సామానంతా అమ్మేసే సేల్) వెళ్తే, వంటింటి బల్ల మీద గాజు గిన్నెల మధ్య అరచేతంత ఏంజెల్ బొమ్మ కనిపించింది. చేతిలో పలక, గౌను మీద బంగారు రంగుతో నెల పేరు. 6 డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. కొన్నాళ్లకు గుమ్మడికాయ పట్టుకున్న అక్టోబరు ఏంజెల్ దొరికితే నా సంతోషం అంతా ఇంతా కాదు. ఇంటికి తెచ్చి పక్కన నిలబెడితే దాని తల సెప్టెంబరు భుజం దగ్గరే ఆగిపోయింది. రెండూ వేరే సిరీస్‌లవి!

నెలకొకటి చొప్పున పన్నెండు ఏంజెల్స్ ఉండే ఇలాంటి సెట్లు చాలా ఉన్నాయి, అందుకే మొదట మీ బొమ్మ ఏ సిరీస్‌దో తేల్చుకోండి. ఈ బొమ్మలు 1950లు, 60లలో ఎక్కువగా జపాన్‌లో తయారై అమెరికాకు వచ్చేవి. షికాగోలోని లెఫ్టన్, క్లీవ్‌లాండ్‌లోని న్యాప్కో, ఇనార్కో లాంటి కంపెనీలు తెప్పించి అమ్మేవి. ఒక్కో కంపెనీ పేరు మీద చాలా రకాలున్నాయి కాబట్టి ‘లెఫ్టన్ మే నెల బొమ్మ’ అని వెతికితే సరిపోదు. బొమ్మను తిరగేసి అడుగున ఉన్న నంబరు రాసుకోండి. ఎత్తు, జుట్టు రంగు, కళ్లు గీసిన తీరు కూడా కలవాలి. అడుగున ‘ఆక్యుపైడ్ జపాన్’ అని నిజమైన ముద్ర ఉంటే అది 1952 నాటిది లేదా అంతకు ముందుది. కాపీరైట్ సంవత్సరం ఉంటే అది ఆ డిజైన్‌ది. మీ చేతిలోని బొమ్మ ఆ తర్వాత ఎప్పుడైనా తయారై ఉండొచ్చు. కాగితం లేబుల్ మిగిలి ఉంటే దాని జోలికి వెళ్లకండి, తడి అస్సలు తగలనివ్వకండి.

ఇక కొనేముందు తీరిగ్గా చూడాల్సింది దెబ్బలు. నేను కళ్లకంటే వేలి కొసనే ఎక్కువ నమ్ముతాను. రెక్క అంచు మీద వేలు మెల్లగా నడపండి. గ్లేజు (పైనున్న గాజులాంటి పూత) ఉన్నంతవరకు జారుతుంది, పెచ్చు ఊడిన చోట గరుకుగా తగులుతుంది. ఒకసారి మార్చి ఏంజెల్ రెక్క చూడ్డానికి చక్కగా ఉంది, వేలికి మాత్రం ఒక చోట వెచ్చగా, కాస్త మెత్తగా అనిపించింది. అతుకు వేసి పైన రంగు పూశారు. పింగాణీ చల్లగా ఉంటుంది, అతుకు పదార్థం అంత చల్లగా ఉండదు. చీకట్లో అతినీలలోహిత (UV) లైటు వేసి చూస్తే చాలా అతుకులు వేరే రంగులో మెరుస్తాయి. చేతివేళ్లు, పూల రేకులు, మెడ కూడా ఇలాగే చూడండి. గౌను అంచుకు సేమియా తుంపుల్లాంటి అలంకారం ఉంటే ఇంకా ఓపిక కావాలి. ఈ బొమ్మలు సేకరించేవాళ్లు దాన్ని స్పగెట్టి ట్రిమ్ అంటారు. అందులో అక్కడక్కడా ఒక పోగు పోయి ఉండటం మామూలే, దానికి నేను వెనకాడను. రెక్క విరిగితే మాత్రం ఎంత చవకైనా తీసుకోను.

రాళ్లు పొదిగిన సిరీస్‌లూ ఉన్నాయి. ఏ నెలలో పుట్టినవాళ్లకు ఏ రాయి అనే జాబితాను అమెరికా నగల వర్తకులు 1912లో ఖరారు చేశారు. మేకి పచ్చ, జులైకి కెంపు, సెప్టెంబరుకు నీలం. బొమ్మల్లో ఉండేవి ఆ రంగు గాజు రాళ్లే. మే బొమ్మకు ఎర్రరాయి ఉంటే తర్వాత ఎవరో అతికించారేమో అని అనుమానించాలి.

తెచ్చాక నీళ్లలో నానబెట్టొద్దు. ఇవి అచ్చులో పలుచని మట్టి పోసి చేసినవి, లోపల బోలు. అడుగున ఉన్న చిన్న రంధ్రంలోంచి నీరు దూరితే ఆరడానికి రోజులు పడుతుంది. రాళ్ల వెనక రేకు నల్లబడుతుంది. మెత్తని పెయింటింగ్ బ్రష్‌తో దుమ్ము దులిపి, తడిపి గట్టిగా పిండిన దూదిపుల్లతో తుడవండి. బంగారు రంగు గ్లేజు పైన వేసింది కాబట్టి రుద్దితే పోతుంది. డిష్‌వాషర్ మాటే వద్దు.

పార్సిల్‌లో తెప్పిస్తే డబ్బులు కట్టకముందే ప్యాకింగ్ గురించి మాట్లాడుకోండి. నా ఫిబ్రవరి బొమ్మ ఒక్క పొర కాగితంలో వచ్చింది. పెట్టె తెరిస్తే తల ఒక పక్క, ఒళ్లు ఒక పక్క. ఆ రోజంతా మనసు మనసులో లేదు. అప్పటినుంచి పెట్టెలో పెట్టె కావాలని, తలకీ రెక్కలకీ మధ్య సందులో మెత్తటి కాగితం కుక్కమని, రెక్కల మీద టేపు వేయొద్దని ముందే రాసి పంపుతున్నాను.

సెప్టెంబరు బొమ్మ అడుగు ఫొటో ఎప్పుడూ నా ఫోన్‌లో ఉంటుంది. సేల్‌లో ఏ ఏంజెల్ కనిపించినా నంబరు, ముద్ర దానితో పోల్చి చూశాకే ధర అడుగుతాను. ఆ సిరీస్‌లో ఇంకా ఏప్రిల్, ఆగస్టు దొరకాలి.