పాత కారు చరిత్ర చదవడం – 4వ పాఠం: కిలోమీటర్ల లెక్క

గత పాఠంలో ఛాసిస్ నంబరు (ఒక్కో బండికి విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య) సరిచూడమన్నప్పుడు, అందుకు కారు దగ్గరకే వెళ్లాలని వేరే చెప్పనక్కరలేదనుకోవడం నా పొరపాటు. చాలామంది రిజిస్ట్రేషన్ కాగితాన్ని బీమా కాగితంతో పోల్చి, నంబరు కలిసిందని రాశారు. ఒకదాన్ని చూసి మరొకటి రాసిన కాగితాలు కలవకపోతేనే వింత. నంబరును బండి మీదే, దొరికితే రెండు చోట్ల చదవాలి. ఆ 17 స్థానాలలో ఐ, ఓ, క్యూ అక్షరాలు వాడరు కనుక గుండ్రంగా కనిపించేది సున్నాయే. పదో స్థానంలోని అక్షరాన్ని పట్టుకుని అమ్మేవారితో తగవుకు దిగినవారు కూడా ఉన్నారు. అక్కడ సంవత్సరం వేసే తయారీదారులు సాధారణంగా సూచించేది మోడల్ సంవత్సరాన్ని. 'ఎల్' అంటే 2020 అయినా, ఆ బండి 2019లోనే తయారై ఉండవచ్చు.

ఇక ఓడోమీటరు, అంటే బండి మొత్తం ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చూపే మీటరు. దానిని వెనక్కి తిప్పడం సాధ్యమేనని అందరికీ తెలుసు. అయితే సర్వీసు బిల్లులు తిరగేసి, అంకె ఎక్కడా తగ్గలేదు కనుక మోసం లేదని తేల్చేయడం నాకు మహా చిరాకు. తెలివైనవాడు ప్రతి సర్వీసుకు ముందే తిప్పుతాడు. అప్పుడు అంకెలు పెరుగుతూనే ఉంటాయి. ఒక బండికి ఏటేటా నమోదైన అంకెలు 19,000, 38,500, 57,000, 62,000, 66,500 అనుకుందాం. తగ్గుదల లేదు, కానీ తేడాలు రాసుకుంటే ఏటా సుమారు 19 వేలు తిరిగిన బండి నాలుగో ఏడు అయిదు వేలకు పడిపోయింది. ఆ ఏడాదే యజమాని మారి ఉంటే అది సహజమే కావచ్చు. యజమాని మారకుండా, చివరి రెండు బిల్లుల్లోనూ ముందు బ్రేకు ప్యాడ్లు కొత్తవి వేసినట్టుంటే మాత్రం, 4,500 కిలోమీటర్లకే అవి ఎందుకు అరిగాయో అమ్మేవారే చెప్పాలి.

స్టీరింగు తొడుగు, పెడళ్ల రబ్బరు అరుగుదల చూడమని చాలామంది చెబుతారు. మార్చడం సులువు కనుక నేను వాటికి పెద్ద విలువ ఇవ్వను. నేను ముందుగా టైర్ల దగ్గర వంగుతాను. టైరు పక్క గోడ మీద 2319 అని ఉంటే అది 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైన టైరు. ఈ నాలుగంకెలు ఒక పక్కనే ఉండవచ్చు కనుక, బయట కనిపించకపోతే లోపలి వైపు చూడాలి. మీటరులో 20 వేలే ఉండి, నాలుగు టైర్లూ బండి కంటే మూడేళ్లు చిన్నవైతే, పాతవి ఏమయ్యాయో అడగండి.

వచ్చే పాఠంలోగా, తెలిసినవారి మూడు బండ్లకు తేదీ, కిలోమీటర్లు రెండూ ఉన్న ప్రతి కాగితాన్నీ సేకరించి, వరుసగా రాసి, నెలసరి సగటు కట్టండి. సగటు సగానికి పడిపోయిన ప్రతి చోటా కారణాన్ని యజమానినే అడిగి, ఆయన మాటల్లోనే పక్కన రాయండి.