తొలకరికి ముందు పాత రసాయన గుట్ట పనులు: సంపులోకి దిగకండి

మృగశిర వచ్చేలోపు లీచేట్ (రసాయన వ్యర్థాల గుట్ట కింద ఊరే నల్లనీరు) సంపుల పూడిక తీయించేయాలని ఇలాంటి పాత గుట్టలున్న ప్రతి సైటులోనూ హడావుడి మొదలవుతుంది. మనుషులు పోయేది ఈ హడావుడిలోనే. 2017 మార్చి 30న మొగల్తూరు దగ్గర రొయ్యల ప్లాంటు వ్యర్థజలాల తొట్టిలో ఐదుగురు చనిపోయారు. మరుసటి ఏడు ఫిబ్రవరిలో పలమనేరు దగ్గర కోళ్ల హేచరీ తొట్టిలో ఏడుగురు. అవి రొయ్యల, కోళ్ల వ్యర్థాలు. పటాన్‌చెరు, బొల్లారం లాంటి చోట్ల ఫ్యాక్టరీల పాత డంపుల కింద ఊరే నల్లనీటిలో వీటికి తోడు ద్రావకాలు, సల్ఫైడులు కూడా ఉండొచ్చు.

గ్లవ్స్, గంబూట్ల సంగతి అందరికీ తెలిసిందే, వదిలేద్దాం. చెప్పాల్సింది ఒక్కటే: సంపులోకి మనిషి దిగకూడదు. పూడికను పైనుంచి నీటి జెట్‌తో కదిలించి వాక్యూమ్ ట్యాంకరుతో లాగించండి. ట్యాంకరు రెండు రోజులు ఆలస్యమైతే పని కూడా రెండు రోజులు ఆగుతుంది, అంతే.

ఎందుకంటే అడుగున ఉండేది హైడ్రోజన్ సల్ఫైడ్. గాలికంటే బరువు, అందుకే మూత తీసి గంటసేపు ఉంచినా అడుగున అలాగే నిలిచి ఉంటుంది. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. 100 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) దగ్గర కొన్ని నిమిషాల్లో ముక్కు మొద్దుబారుతుంది. 'కంపు తగ్గింది, ఇక దిగొచ్చు' అని మేస్త్రీ అనేది సరిగ్గా అప్పుడే. 700 దాటితే ఒకటి రెండు శ్వాసలకే మనిషి కుప్పకూలతాడు. ఇంకో మోసం ఉంది. గ్యాస్ బుడగలు బురదలో చిక్కుకుని ఉంటాయి. మీటరు సున్నా చూపించిన సంపులోనే పార పెట్టి కదిపిన మరుక్షణం విషం పైకి లేస్తుంది.

మీటరు గురించి. నాలుగు వాయువులు (ఆక్సిజన్, మీథేన్ లాంటి మండే వాయువులు, హైడ్రోజన్ సల్ఫైడ్, కార్బన్ మోనాక్సైడ్) చూపించేదే వాడండి. ఆ రోజు ఉదయం టెస్ట్ గ్యాస్‌తో (ఎంత ఉందో ముందే తెలిసిన సిలిండరు గ్యాస్) పరీక్షించకపోతే అది బొమ్మతో సమానం. మీటరులోని గాలి పంపుకు ట్యూబు తగిలించి పైన, మధ్యలో, అడుగున విడివిడిగా కొలవండి. గాలి ట్యూబులోంచి వచ్చే సమయం పోగా ఒక్కోచోట రెండు నిమిషాలు ఆగాలి. ముందు ఆక్సిజన్ చూడండి: 19.5 శాతం కంటే తగ్గకూడదు. మామూలు మీటర్లలోని మీథేన్ సెన్సర్ మండించి కొలిచే రకం. ఆక్సిజన్ 10 శాతం లోపు ఉంటే అది మండదు, మీథేన్ నిండా ఉన్నా తక్కువే చూపిస్తుంది. ఆ అంకెను నమ్మకండి. ఈ కొలతలు గట్టు మీద నిలబడేవాళ్ల కోసం. అంకెలు బాగున్నాయని దిగడానికి కాదు.

ఎవరైనా పడిపోతే? రెండోవాడు దిగకూడదు. తమ్ముడైనా సరే, కొడుకైనా సరే. ఇలాంటి ఇరుకు చోట్ల చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లేనని అమెరికాలో పనిచోటి భద్రతపై పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ నియోష్ 1986లోనే చెప్పింది. 101కి, 112కి ఫోన్ చేయండి, గట్టునుంచి బ్లోయరుతో గాలి పంపండి. గుడ్డ మాస్కు, ఎన్-95, బొగ్గు డబ్బా మాస్కు, ఏదీ ఆక్సిజన్ ఇవ్వదు. నడుముకు కట్టిన తాడుతో స్పృహ తప్పిన మనిషిని నిలువునా లాగడం కుదరదు.

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త ఈ గుట్టలకూ వర్తిస్తుంది. బయట గాలి ఒత్తిడి పడిపోతే లోపలి గ్యాస్ ఎక్కువగా బయటికొస్తుంది. తడిసిన పైమట్టి మూతలా బిగుసుకుంటే అదే గ్యాస్ పక్కలకు పాకి పంపు గదిలోకి, వాచ్‌మన్ గదిలోకి చేరుతుంది. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. స్విచ్ వేసేముందు తలుపు తీసి మీటరు పెట్టండి.

పరిశీలన బోర్ల (గుట్ట చుట్టూ భూగర్భజలాన్ని పరీక్షించడానికి వేసినవి) పని తొలకరికి ముందొకసారి, వానలయ్యాక ఒకసారి. ముందుగా నీటిమట్టం కొలిచి రాసుకోండి. 50 మిల్లీమీటర్ల పైపులో ఒక మీటరు ఎత్తు నీటికి దాదాపు 2 లీటర్లు ఉంటాయి. 6 మీటర్ల నీరుంటే 12 లీటర్లు, దానికి మూడింతలు అంటే 36 లీటర్లు తోడాకే శాంపిల్. నిలవ నీరు పడితే రిపోర్టు అబద్ధం చెబుతుంది. గుట్టకు ఎగువ బోరుతో మొదలుపెట్టి దిగువకు రండి. ద్రావకాల పరీక్షకు నీరు పట్టిన సీసాలో గాలి బుడగ మిగలకూడదు, మిగిలితే ద్రావకం అందులోకి ఎగిరిపోతుంది. లోహాలకైతే 0.45 మైక్రాన్ వడపోత, ఆ తర్వాతే నైట్రిక్ యాసిడ్. తోడిన నీరు డ్రమ్ములోకి పోవాలి, నేల మీద పోయకండి.

మిగతావి:

పైమట్టి పగుళ్లు ఇప్పుడే పూడ్చండి. తొలి వాన వాటిలోంచే దిగుతుంది.

లీచేట్ చెరువులో కనీసం అర మీటరు ఖాళీ ఉంచండి.

బోరు చుట్టూ సిమెంటు గద్దె పగిలితే వాననీరు పైపు వెంట నేరుగా భూగర్భజలంలోకి పోతుంది. వానకు ముందే కట్టించండి.

యాసిడ్ మోసిన ట్యాంకరులో సల్ఫైడ్ బురద ఎక్కించకండి. ఆ రెండూ కలిస్తే వచ్చేది హైడ్రోజన్ సల్ఫైడే.

డీజిల్ పంపును సంపులోకి దించకండి.

ట్యాంకరు వెంటు (లోపలి గాలి బయటికొచ్చే గొట్టం) గాలివాటున ఎవరూ నిలబడొద్దు.

ప్రొక్లెయిన్‌కు డ్రమ్ము తగిలితే ఆపేయాలి. తెరిచి చూడొద్దు. వాసన అసలే చూడొద్దు.

ఒంటరిగా సైటులోకి వెళ్లొద్దు.

చీకటి పడ్డాక మూత తీయొద్దు.

కూలీలు 'మాకు అలవాటే సారూ' అంటే ఆ రోజు పనే ఆపండి.

సంపులోకి దిగొద్దు. పడిపోయిన సెల్‌ఫోన్ కోసం దిగొద్దు, పంపు వాల్వులో ఇరుక్కున్న గుడ్డ కోసం దిగొద్దు, 'ఒక్క నిమిషమే' అని దిగొద్దు.

మూతకు తాళం వేయండి. తాళంచెవి సైటు ఇంజనీరు దగ్గర ఉండాలి, కాంట్రాక్టరు దగ్గర కాదు.