ప్రింట్‌లో లోగో, డయాగ్రమ్‌లు బ్లర్ అవ్వకుండా వర్డ్ ఫైల్‌లో వెక్టార్ బొమ్మలు పెట్టడం ఎలా?

మార్చి, ఏప్రిల్ వచ్చిందంటే మా కాకినాడలో డీటీపీ షాపుల నిండా ప్రాజెక్ట్ రిపోర్టుల పిల్లలే ఉంటారు. నేను కూడా అదే పనిలో ఉన్నా కాబట్టి చెప్తున్నా, నా దగ్గరకొచ్చే రిపోర్టుల్లో మ్యాటర్ బాగానే ఉంటుంది గానీ మొదటి పేజీలో కాలేజీ లోగో చూస్తే మసగ్గా, అంచులన్నీ మెట్లుమెట్లుగా ఉంటుంది, లోపల బ్లాక్ డయాగ్రమ్‌లో అక్షరాలైతే కళ్ళు చికిలించినా కనపడవు. ఒకసారి ఒకబ్బాయి నాలుగు కాపీలు హార్డ్ బైండింగ్ చేయించుకుని వెళ్ళి, గైడ్ గారు సర్క్యూట్ డయాగ్రమ్ చదవడానికి రావట్లేదన్నారని మర్నాడు మళ్ళీ వచ్చాడు. పాపం బైండింగ్ విప్పించి ఆ పేజీలు మళ్ళీ వేయించుకోవాల్సొచ్చింది. అప్పట్నుంచి వచ్చిన ప్రతి ఒక్కళ్ళకీ ఇదే చెప్తున్నా, బొమ్మని వెక్టార్‌గా తెచ్చుకోండి, వర్డ్‌లో వెక్టార్‌గానే పెట్టండి, చివర్లో పీడీఎఫ్ అయ్యేదాకా వెక్టార్‌గానే ఉంచండి. మధ్యలో ఒక్క స్క్రీన్‌షాట్ కొట్టినా పోయినట్టే.

అసలు వెక్టార్ అంటే ఏంటి

మన ఇళ్ళల్లో ముగ్గుల పుస్తకం ఉంటుంది కదా, అందులో 15 చుక్కలు, 8 వచ్చేవరకు సందు చుక్క అని రాసుకుంటారు. ఆ లెక్క తెలిస్తే చాలు, చిన్న గుమ్మం ముందు చిన్నగా వేయొచ్చు, సంక్రాంతికి వీధంతా పట్టేలా వేయొచ్చు, గీత ఎక్కడా చెదరదు. వెక్టార్ ఫైల్ అంటే ఆ లెక్క. ఇక్కడ్నుంచి అక్కడికి గీత, ఇక్కడ వంపు, లోపల ఈ రంగు, అని రాసుంటుంది. జేపెగ్, పీఎన్‌జీ అంటే వేసేసిన ముగ్గుని ఫోటో తీసినట్టు, దాన్ని పెద్దది చేస్తే గళ్ళే కనిపిస్తాయి. మనకి కావాల్సిన వెక్టార్ ఫైల్ పేరు ఎస్‌వీజీ, పాత వర్డ్ ఉంటే ఈఎంఎఫ్.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మనుషుల ఫోటోలు, ల్యాబ్ ఫోటోలు, స్కాన్ చేసిన సర్టిఫికెట్లు వీటికి వెక్టార్ అక్కర్లేదు, అవి ఫోటోగానే ఉండాలి. లోగో, ఫ్లోచార్ట్, సర్క్యూట్, గ్రాఫ్, మ్యాప్, ఇలా గీతలు అక్షరాలు ఉండేవాటికే ఇదంతా.

స్టెప్ 1: అసలైన వెక్టార్ ఫైల్ సంపాదించుకోండి

ఎక్కువ కష్టం ఇక్కడే, అందుకే దీని గురించి కొంచెం ఎక్కువ చెప్తా.

లోగో కోసం గూగుల్ ఇమేజెస్‌లో వెతికి దొరికింది పెట్టేయకండి. ముందు కాలేజీ వెబ్‌సైట్‌లో బ్రోచర్ గానీ ప్రాస్పెక్టస్ గానీ పీడీఎఫ్‌గా ఉందేమో చూడండి, దాన్ని ఓపెన్ చేసి లోగో దగ్గర 800 శాతం జూమ్ చేయండి. అంచులు నున్నగా ఉన్నాయంటే మీకు వెక్టార్ దొరికినట్టే. ఆ పీడీఎఫ్‌ని ఇంక్‌స్కేప్ అనే వెక్టార్ బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్ చేసి, లోగో ఒక్కటీ ఉంచి మిగతాదంతా డిలీట్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, ఆర్ కలిపి నొక్కితే పేజీ లోగో సైజుకి తగ్గిపోతుంది, అప్పుడు ప్లెయిన్ ఎస్‌వీజీగా సేవ్ చేస్కోండి. ఇంక్‌స్కేప్ పూర్తిగా ఫ్రీ, విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో అన్నిట్లో నడుస్తుంది, క్రాక్ వెర్షన్ల కోసం తిరగాల్సిన పనే లేదు.

అదీ దొరకలేదనుకోండి, మీ కాలేజీకో మీ సంఘానికో ఫ్లెక్సీలు కొట్టే షాపుకి వెళ్ళండి. చాలా షాపుల్లో పని కోరల్‌డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనే చేస్తారు, లోగో వాళ్ళ సిస్టంలో వెక్టార్‌గానే ఉండే అవకాశం ఎక్కువ. అన్నా, ఆ లోగోలో అక్షరాలన్నీ కర్వ్స్‌లోకి మార్చి ఎస్‌వీజీ ఇవ్వవా అని అడిగితే రెండు నిమిషాల పని. కర్వ్స్ అని ఎందుకు అడగమన్నానో కింద చెప్తా.

జేపెగ్‌ని ఎస్‌వీజీ చేసిస్తాం అనే ఆన్‌లైన్ కన్వర్టర్లతో జాగ్రత్త. వాటిలో కొన్ని అదే ఫోటోని తీసుకెళ్ళి ఎస్‌వీజీ అనే డబ్బాలో పెట్టి ఇచ్చేస్తాయి, పేరు మారుతుంది తప్ప బొమ్మ మారదు. ఆ ఫైల్‌ని బ్రౌజర్‌లో ఓపెన్ చేసి బాగా జూమ్ చేస్తే తెలిసిపోతుంది. ఏ దారీ లేకపోతే, ఉన్నవాటిలో పెద్ద పీఎన్‌జీ తీసుకుని ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో ట్రేస్ బిట్‌మ్యాప్ చేయండి. రెండు మూడు రంగుల లోగోలకి బానే వస్తుంది, కానీ లోగోలో సన్న అక్షరాలుంటే వంకర్లు పోతాయి, వాటిని చెరిపేసి మళ్ళీ టైప్ చేస్కోవడమే మంచిది.

గ్రాఫులైతే ఇంకా సులువండి. పైథాన్‌లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్ళు సేవ్ చేసే చోట ఫైల్ పేరు చివర పీఎన్‌జీ బదులు ఎస్‌వీజీ అని రాస్తే చాలు. ఎక్సెల్ చార్ట్‌ని స్క్రీన్‌షాట్ తీయొద్దు, కాపీ చేసి నేరుగా వర్డ్‌లో పేస్ట్ చేస్తే చార్ట్‌గానే ఉంటుంది. అయితే లక్షల చుక్కలుండే స్కాటర్ ప్లాట్ ఉంటే మాత్రం వెక్టార్ పెట్టకండి, ప్రతి చుక్కా విడిగా గీయాల్సొచ్చి వర్డ్ పేజీ పేజీకీ ఆగిపోతుంది, అలాంటిదానికి పీఎన్‌జీయే నయం.

డ్రా.ఐఓ లో ఫ్లోచార్ట్ గీసేవాళ్ళకి ఒక ముఖ్యమైన మాట. అక్కడ్నుంచి మామూలుగా ఎస్‌వీజీ ఎక్స్‌పోర్ట్ చేస్తే డబ్బాల్లోని అక్షరాలు బ్రౌజర్ అర్థం చేసుకునే పద్ధతిలో వెళ్తాయి, వర్డ్‌కి ఆ పద్ధతి అర్థం కాక అక్షరాలు తేడాగా రావడమో, బొమ్మ కింద చూపించలేం అని ఇంగ్లీషులో ఒక లైన్ రావడమో జరుగుతుంది. ఎక్స్‌పోర్ట్ చేసేముందు అన్నీ సెలెక్ట్ చేసి, కుడిపక్క టెక్స్ట్ ట్యాబ్‌లో వర్డ్ వ్రాప్, ఫార్మాటెడ్ టెక్స్ట్ రెండిటికీ టిక్ తీసేయండి, సమస్య పోతుంది.

స్టెప్ 2: తెలుగు అక్షరాలుంటే వాటిని గీతలుగా మార్చండి

లోగోలో గానీ మ్యాప్‌లో గానీ తెలుగు ఉంటే ఈ స్టెప్ అస్సలు వదలకండి. ఎస్‌వీజీలో అక్షరం మామూలుగా అక్షరంగానే ఉంటుంది, ఫాంట్ లోపల ఉండదు. మీ ల్యాప్‌టాప్‌లో రామభద్ర ఫాంట్ వేసి అందంగా చేస్కున్నారనుకోండి, ప్రింట్ తీసే షాపు సిస్టంలో ఆ ఫాంట్ లేకపోతే ఇంకేదో ఫాంట్ వచ్చేస్తుంది, పేరు డబ్బాలోంచి బయటికొచ్చేస్తుంది. పాత అను ఫాంట్లలో టైప్ చేసిందైతే మరీ ఘోరం, అవి యూనికోడ్ (అన్ని సిస్టంలూ గుర్తుపట్టే అక్షరాల పద్ధతి) కాదు కాబట్టి ఫాంట్ లేనిచోట అసలు తెలుగే కనపడదు, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వస్తాయి.

పరిష్కారం ఏంటంటే ఇంక్‌స్కేప్‌లో ఆ టెక్స్ట్ సెలెక్ట్ చేసి పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కడం, కంట్రోల్ షిఫ్ట్ సి కూడా అదే. కోరల్‌డ్రాలో కంట్రోల్ క్యూ, దాన్నే కర్వ్స్ అంటారు. ఆ తర్వాత అది అక్షరం కాదు, గీత. ఏ సిస్టంలో తెరిచినా వత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడే ఉంటాయి. కానీ మార్చేశాక స్పెల్లింగ్ దిద్దడం కుదరదు, అందుకే మార్చకముందు ఒక కాపీ వేరే పేరుతో దాచుకుని, తప్పులు ఇద్దరు చదివాకే మార్చండి. ఒక ఊరి గుడి కరపత్రంలో ‘ప్రతిష్ఠ’ వత్తు తప్పుపోయిందని రాత్రి పదింటికి మొత్తం మళ్ళీ టైప్ చేశా, కాపీ దాచుకోలేదు మరి.

స్టెప్ 3: వర్డ్‌లో పెట్టడం

వర్డ్ 2019, 2021 లేదా మైక్రోసాఫ్ట్ 365 ఉంటే ఇన్సర్ట్, పిక్చర్స్, దిస్ డివైస్ లోకి వెళ్ళి ఎస్‌వీజీ ఫైల్ ఎంచుకోండి, అంతే. బొమ్మ మీద క్లిక్ చేస్తే పైన గ్రాఫిక్స్ ఫార్మాట్ అనే ట్యాబ్ రావాలి, పిక్చర్ ఫార్మాట్ అని వచ్చిందంటే అది మామూలు ఫోటోగా వచ్చిందని అర్థం. ఆ ట్యాబ్‌లోనే కన్వర్ట్ టు షేప్ ఉంటుంది, దానితో బొమ్మని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి రంగు మార్చుకోవచ్చు, కాలేజీ లోగోకి మాత్రం దాని జోలికి పోకండి.

కొనుక్కున్న పాత వర్డ్ 2016, 2013 లాంటివి ఎస్‌వీజీ తీసుకోవు. వాటికి ఇంక్‌స్కేప్‌లో సేవ్ యాజ్ దగ్గర ఈఎంఎఫ్ ఎంచుకుని దాన్ని ఇన్సర్ట్ చేయండి. ఈఎంఎఫ్‌లో గీతలు, ఒకే రంగు నింపినవి బాగా వస్తాయి, పారదర్శకంగా ఉండే రంగులు, నీడలు సరిగ్గా రావు, కాబట్టి డయాగ్రమ్ సాదాగా ఉంచుకోండి. ఈపీఎస్ అనే పాత రకం వెక్టార్ ఫైల్ ఉందండి పెట్టొచ్చా అని అడుగుతారు, ఆఫీస్‌లో దాన్ని 2017లో సెక్యూరిటీ కారణాలతో ఆపేశారు, ఎస్‌వీజీకి మార్చుకోండి.

లిబ్రేఆఫీస్ రైటర్ వాడేవాళ్ళు ఇన్సర్ట్, ఇమేజ్ అని ఎస్‌వీజీ నేరుగా పెట్టేయొచ్చు. గూగుల్ డాక్స్ మాత్రం ఎస్‌వీజీ తీసుకోదు. అక్కడే చేయాలంటే ఇంక్‌స్కేప్‌లో 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, పీఎన్‌జీ తీయాలి, పేజీలో బొమ్మ 6 అంగుళాల వెడల్పు ఉంటే ఫైల్ 1800 పిక్సెల్స్ ఉండాలన్నమాట. లేదా ఫ్లోచార్ట్ చిన్నదైతే డాక్స్‌లోనే డ్రాయింగ్‌లో గీసేస్కోండి.

బొమ్మ పెట్టాక సన్నటి చారలాగా, పైన ఒక గీతంత మాత్రమే కనిపిస్తే కంగారు పడకండి, ఫైల్ పాడవ్వలేదు. ఆ పేరాకి లైన్ స్పేసింగ్ ఎగ్జాక్ట్లీ అని ఉంటుంది, దాన్ని సింగిల్ చేయండి. సైజు మార్చేప్పుడు మూల పట్టుకునే లాగండి, పక్క పట్టుకుని లాగితే గుండ్రటి లోగో కోడిగుడ్డులా అయిపోతుంది. బొమ్మని ఇన్ లైన్ విత్ టెక్స్ట్‌లో ఉంచి సెంటర్ చేస్తే పేజీలు కదిలినా అది ఎగిరి ఇంకో పేజీకి పోదు. ఫిగర్ నంబర్ చేత్తో టైప్ చేయకుండా రెఫరెన్సెస్‌లో ఇన్సర్ట్ క్యాప్షన్ వాడండి.

నిజంగా వెక్టార్‌గానే ఉందో లేదో అనుమానమైతే ఇలా చూడండి. డాక్యుమెంట్‌ని ఒక కాపీ తీసి ఫైల్ పేరు చివర .docx అనే ఎక్స్‌టెన్షన్ తీసేసి .zip అని పెట్టి తెరవండి, లోపల వర్డ్ ఫోల్డర్‌లో మీడియా అనే ఫోల్డర్ ఉంటుంది, మీ బొమ్మ ఎస్‌వీజీగా అక్కడుండాలి. దాని పక్కనే ఒక పీఎన్‌జీ కూడా కనిపిస్తుంది, అది పాత వర్డ్ వాళ్ళ కోసం వర్డే పెట్టుకుంటుంది. పీఎన్‌జీ ఒక్కటే ఉందంటే ఎక్కడో కాపీ పేస్ట్‌లో పోయింది, ఫైల్‌ని మళ్ళీ ఇన్సర్ట్ చేయాలి.

స్టెప్ 4: పీడీఎఫ్ చేసి చూస్కోవడం

ఫైల్, సేవ్ యాజ్, పీడీఎఫ్, స్టాండర్డ్. మినిమం సైజ్ ఎంచుకోకండి. పీడీఎఫ్ తెరిచి ప్రతి బొమ్మ దగ్గరా 800 శాతం జూమ్ చేయండి, అక్షరం అంచు కత్తిరించినట్టు ఉంటే సరే, గళ్ళు కనిపిస్తే ఆ బొమ్మ దగ్గరకెళ్ళి ముందు స్టెప్పులు చూడండి. ఎక్కువగా నీడలు, బ్లర్ ఎఫెక్ట్ పెట్టిన చోటే ఇలా అవుతుంది, అవి తీసేయండి.

షాపుకి తెచ్చేప్పుడు వర్డ్ ఫైల్ కాదు, పీడీఎఫ్ పెన్‌డ్రైవ్‌లో తీసుకురండి. వాట్సాప్‌లో పంపాల్సొస్తే డాక్యుమెంట్‌గా పంపండి, పేజీలు ఫోటోలు తీసి పంపితే ఇంతసేపు పడ్డ కష్టం అంతా పోతుంది. ప్రింట్ ఇచ్చేప్పుడు అక్రోబాట్ రీడర్‌లో అడ్వాన్స్‌డ్ బటన్ నొక్కి ప్రింట్ యాజ్ ఇమేజ్‌కి టిక్ లేకుండా చూడమని చెప్పండి, ముందు లోగో పేజీ, బాగా చిన్న అక్షరాలున్న డయాగ్రమ్ పేజీ ఈ రెండే తీయించి ట్యూబ్‌లైట్ కింద పట్టుకుని చూసి, బాగున్నాయి అనుకున్నాకే మిగతా కాపీలు కొట్టించండి.