ఆపరేషన్ తర్వాత నొప్పి గోలీలు వేసుకోవడం ఎలా?

డిశ్చార్జ్ రోజు బిల్లు హడావిడిలో ఉన్నా సరే, నర్సును ఒక్క మాట అడిగి బయటపడండి. చివరి నొప్పి ఇంజెక్షన్ ఎన్నింటికి ఇచ్చారు, ఇంట్లో మొదటి గోలీ ఎన్నింటికి వేయాలి? మధ్యాహ్నం డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ పడ్డాక ఇంటికి రాగానే గోలీ కూడా వేస్తే మొదటిరోజే మోతాదు మించిపోవచ్చు.

1. కావలసినవి

డిశ్చార్జ్ సమ్మరీ, స్ట్రిప్పులు, పెన్ను, కాగితం. కాగితాన్ని ఫ్రిజ్ తలుపుకు అంటించి, వేసిన ప్రతి గోలీ పేరు, టైము రాయాలి. ఫోన్ అలారం దీనికి సాటి రాదు. అలారం మోగినట్టు తెలుస్తుంది గానీ, గోలీ వేశారో లేదో రాత్రి కాపలా మారిన కొడుక్కి తెలియదు, అతను మళ్ళీ వేస్తాడు. గోలీలు స్ట్రిప్పులోంచి తీసి డబ్బాలో పోయకండి, పేరూ ఎక్స్‌పైరీ రెండూ పోతాయి.

2. తిన్నాకే

1-0-1 అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి. ఇడ్లీయో పెరుగన్నమో తిన్నాక గ్లాసు నిండా నీళ్ళతో వేయాలి. ఇరానీ చాయ్‌లో ముంచుకున్న రెండు ఉస్మానియా బిస్కెట్లు తిండి కింద లెక్క కాదు. పాంటోప్రజోల్ అనే గ్యాస్ గోలీ రాసి ఉంటే అది టిఫినుకు అరగంట ముందు. రోజా ఉండేవాళ్ళు సొంతంగా టైములు మార్చకుండా డాక్టరును అడగాలి.

3. ఒకే జాతి మందు రెండుసార్లు పడకుండా చూడటం

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. డాక్టరు జీరోడాల్-పి రాస్తారు. అందులో ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. ఉంటాయి. రాత్రి నొప్పి తగ్గలేదని ఇంట్లో మిగిలిన కాంబిఫ్లామ్ వేస్తారు, అందులో ఐబుప్రొఫెన్ ఉంది. తెల్లారి పక్కింటావిడ వోవెరాన్ ఇస్తుంది, అది డైక్లోఫెనాక్. పేర్లు మూడు, జాతి ఒకటే. నొప్పి మూడింతలు తగ్గదు. కడుపులో పుండు, రక్తస్రావం, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం మాత్రం పెరుగుతాయి.

అందుకే బ్రాండు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందు పేరు చదవండి. ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్, కెటోరోలాక్, ఎటోరికాక్సిబ్, నిమెసులైడ్... వీటిలో ఒక్కటే ఉండాలి. మెడికల్ షాపులో "అదే సార్, కంపెనీ వేరు" అని ఇంకో స్ట్రిప్పు చేతిలో పెట్టినా ఇలాగే చదివి చూడాలి. గుండెకు రాసిన చిన్న ఆస్పిరిన్ కూడా ఈ జాతే, కానీ దాన్ని మీ అంతట మీరు ఆపకండి, సర్జన్‌కు చెప్పండి.

మధ్యలో నొప్పికి పారాసిటమాల్ వేసుకోవచ్చేమో ముందే అడిగి ఉంచుకోండి. వేస్తే, జీరోడాల్-పిలో ఉన్న 325 మి.గ్రా. కూడా లెక్కలో కలపాలి. పెద్దవాళ్ళకు రోజు మొత్తం 4 గ్రాములు దాటకూడదు. లివరు జబ్బున్నా, మద్యం తాగే అలవాటున్నా ఇంకా తక్కువ. అప్పటికీ ఆగకపోతే ఇంకో గోలీ కాదు, డాక్టరుకు ఫోను.

గ్యాస్ గోలీ వేస్తున్నాం కదా అనే ధీమా ఇంకొకటి. అది కడుపును కాస్తుంది, కిడ్నీని కాదు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. నొప్పి గోలీలు ఆపేది వాటినే. మే ఎండల్లో, వాంతులూ విరేచనాలప్పుడు అసలు ప్రమాదం అదే. టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ గోలీతో పాటు మూత్రం ఎక్కువ పోయే గోలీ కూడా వాడేవాళ్ళకు మరీను. అల్సర్, కిడ్నీ జబ్బు, ఆస్తమా, గుండె జబ్బు, రక్తం పలచబడే మందులు, గర్భం ఉంటే మొదటి గోలీకి ముందే చెప్పాలి.

4. ఆపడం

రాసినన్ని రోజులే. కెటోరోలాక్ అయితే ఇంజెక్షన్లతో కలిపి 5 రోజులు దాటకూడదు. జ్వరం వస్తే గోలీతో అణచకండి, కుట్ల దగ్గర చీము పట్టి ఉండొచ్చు. వానాకాలమైతే డెంగీ కూడా కావచ్చు, అందులో ఈ గోలీలు రక్తస్రావాన్ని పెంచుతాయి. మూత్రం బాగా తగ్గినా, కాళ్ళు వాచినా గోలీ ఆపి అదేరోజు ఆస్పత్రికి వెళ్ళాలి. తారులా నల్లటి జిగట విరేచనం, రక్తపు వాంతి, ఛాతీ నొప్పి, ఆయాసం, ముఖం వాపు కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేసి, స్ట్రిప్పులన్నీ, ఫ్రిజ్ మీది కాగితం వెంట తీసుకెళ్ళండి.